గాలిపటానికి సూత్రం

2023 అక్టోబరులో మహాలయ పక్షం నడుస్తోంది. మా వైపు ఆ రోజుల్ని పెద్దలకు పెట్టుకునే రోజులంటాం. మా నాయనకు పెట్టుకోవాలని బ్యాంకుకు రెండు రోజులు సెలవు పెట్టి తిరుత్తణిలో ఇంటిపట్టునే ఉన్నాను. విస్తట్లో ఆయనకిష్టమైన అలసంద వడలు వేసి, కాకికి ముద్ద పెట్టి, వసారాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే ఒక వార్త దగ్గర చూపు ఆగిపోయింది.

ఆ నెల 7వ తేదీ శనివారం హమాస్ వాళ్ళు గాజా సరిహద్దు దాటి ఇజ్రాయెల్ పల్లెల మీద పడి సుమారు 1200 మందిని చంపిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఆ పల్లెల్లో ఒకటి క్ఫార్ అజా. కిబ్బుట్జ్ అంటారు, అంటే అందరూ కలిసి సాగు చేసుకునే ఉమ్మడి గ్రామం. గాజా కంచెకు కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆ ఊళ్ళో ఏటా గాలిపటాల పండగ చేసేవారట. హీబ్రూలో గాలిపటాన్ని 'అఫిఫోన్' అంటారు. పండగ పేరు 'అఫిఫోనియాడా'. పిల్లలూ పెద్దలూ కూర్చుని గాలిపటాలు కట్టి, వాటి మీద శాంతి మాటలు రాసి, కంచె అవతల గాజాలో ఉన్నవాళ్ళకు కనపడేటట్టు ఎగరేసేవారు. ఆ ఏడు పండగ పెట్టుకున్నది సరిగ్గా అక్టోబరు 7వ తేదీనే. తెల్లవారగానే దాడి జరిగింది. ఆ ఊళ్ళో అరవై మందికి పైగా పోయారు. గాలిపటాల పండగ నడిపించే మనిషి, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, ఐదుగురూ ఒకే మంచం మీద ఒకరినొకరు పట్టుకుని ఉండగా దొరికారు.

పేపరు మడిచి పెట్టేశాను. మా ఆవిడ వచ్చి "ఏమిటండీ, అట్లా ఉండారు?" అంది. ఏమీ చెప్పకుండా స్టూలు తెచ్చుకుని అటక మీద వెతకడం మొదలుపెట్టాను. పాత రాగి అండా వెనక, గోనెసంచిలో చుట్టి, నేను అనుకున్నది అనుకున్నట్టే ఉంది. మా నాయన చీల్చి, నున్నగా చెక్కి పెట్టుకున్న వెదురు బద్దల కట్ట. ఆయన పోయి అప్పటికి పధ్నాలుగేళ్ళు. బద్దలు నల్లబడ్డాయి గాని పురుగు పట్టలేదు.

నేను రాసే అలవాటున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలు కూడుకుంటున్నవాణ్ణి. కానీ ఆ వెదురు కట్ట చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక పాత బాకీ లెక్కలోకి వచ్చింది. దాన్ని మన భాష చదివే నలుగురి ముందు చెప్పుకోవాలనిపించింది.

మా తాత పొదటూరుపేటలో మగ్గం మనిషి. పడుగుకు గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టి, ఒక్క పోగు తెగకుండా చూసుకునే ఇంట్లో పుట్టారు మా నాయన. అందుచేత దారం సంగతి ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. ఆయన మగ్గం ఎక్కలేదు. చదువుకుని తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పే పంతులయ్యారు. ఆయనకు ఇరవైరెండేళ్ళప్పుడు, 1960 ఏప్రిల్ 1న, తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. పటాస్కర్ సిఫారసు మీద జరిగిన ఆ మార్పిడిలో సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకు పోయాయి, మేము ఇటు వచ్చాం. "మార్చి 31 రాత్రి ఆంధ్రాలో పండుకున్నాం, తెల్లారి మద్రాసులో లేచినాం. ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారేమో అనుకున్నాం రా," అని నవ్వేవారు. ఆ నవ్వులో కోపం ఉండేది కాదు. కొంచెం వెలితి ఉండేదేమో, నాకు అప్పట్లో తెలియలేదు.

మా నాయన ఏటా గాలిపటాలు చేసేవారు. తెలంగాణ వాళ్ళు సంక్రాంతికి పతంగులు ఎగరేస్తారని నేను ఉద్యోగంలో చేరాకే విన్నాను. మాకు మాత్రం అది ఆడిమాసపు ఆట. ఆడి గాలికి అమ్మికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళంలో సామెత. ఒకవైపు ఆడి కృత్తికకు కావళ్ళు మోసుకుని జనం కొండ ఎక్కుతుంటే, మరోవైపు చెరువుగట్టు మీద మా వీధి పిల్లల గాలిపటాలు. అంగట్లో రంగు కాగితం గాలిపటాలు అమ్మేవారు. మా ఇంట్లో మాత్రం కొనడం లేదు. ఆయన బద్దలు చెక్కేవారు. మా అమ్మ మైదా బంక కాచేది. మా జేజి పాత చీరల అంచులు చింపి తోకలు పేనేది. అక్క కాగితం కత్తిరించేది. నా పని దారం పట్టుకుని కూర్చోవడం.

ఒక్కో గాలిపటం మీద ఆయన ఒక్కో తెలుగు అక్షరం రాసేవారు. బడిలో చెప్పే అక్షరాలే. నడిమధ్యలో పెద్దదిగా, పలుచటి సిరాతో. ఒక పక్క సిరా ఎక్కువైతే కాగితం బరువెక్కి గాలిపటం అటే తిరిగిపోతుందని జాగ్రత్త. 'ఠ' అయితే గుండ్రంగా ఉండి సమంగా నిలుస్తుందనేవారు. 'ఘ' రాయాలంటే ఆలోచించేవారు. పిల్లలు గట్టు మీద నిలబడి ఎవరిది ఎగిరితే ఆ అక్షరం అరిచేవాళ్ళు. తమిళ ఇళ్ళ పిల్లలూ మాతో చేరేవాళ్ళు. వాళ్ళలో కొందరికి తెలుగు ఒక్క ముక్క చదవడం రాకపోయినా 'ఖ' ఏదో 'ఝ' ఏదో ఆకాశంలో చూసి చెప్పేవాళ్ళు.

"పటం అంటే మ్యాపు కదా నాయనా?" అని ఒకసారి అడిగాను. "అవును. దేశపటం పెద్దవాళ్ళు గీస్తారు, మళ్ళీ చెరుపుతారు. గాలిపటం మన ఇంట్లో మనం చేసుకునేదే గదా," అన్నారు. తమిళంలో గాలిపటాన్ని పట్టం అంటారు. పట్టం అంటే డిగ్రీ కూడా. నేను బి.కాం. పాసైన రోజు ఆయన వీధిలో అందరికీ "మావాడు పట్టం తెచ్చుకున్నాడు. దీనికి తోక ఒకటి కట్టాల" అని చెప్పి నవ్వించారు. కానీ అప్పటికే నేను ఆయన పక్కన కూర్చుని గాలిపటం చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ బాకీ సంగతే చెప్పబోతున్నాను.

1979. నాకు పన్నెండేళ్ళు. మా దారం ఉత్త నూలు దారం. అవతల వీధి పిల్లలది మాంజా. వాళ్ళు తగిలిస్తే చాలు, మా నాయన రాసిన 'క' తెగిపోయి చింతచెట్టు మీద పడేది. ఆ తలవంపు ఓర్చుకోలేక నేనూ ఇంకో ఇద్దరమూ కలిసి దొంగతనంగా మాంజా చేశాం. పగిలిన ట్యూబులైటు రోకలితో దంచి, గుడ్డతో వస్త్రకాయితం పట్టి, వజ్రం బంకలో కలిపి దారానికి పట్టించాం. ఆ సాయంత్రం ఇద్దరివి తెంపాను. మూడోదాని మీదికి పోతుండగా దారం జారి దారికి అడ్డంగా వేలాడింది. మా వీధికి పాలు పోసే ఆయన సైకిలు మీద వస్తున్నాడు. దారం ఆయన గడ్డం కింద తగిలింది.

ఆయన బతికాడు. ఒక వేలి వెడల్పు కిందికి తెగి ఉంటే బతికేవాడు కాదని డాక్టరు చెప్పాడు. మా నాయన ఆసుపత్రి ఖర్చంతా కట్టుకున్నారు. నన్ను ఆయన ఇంటికి తీసుకెళ్ళి కాళ్ళకు మొక్కించారు. ఇంటికొచ్చి మాంజా చుట్టిన డబ్బాను పొయ్యిలో వేశారు. కొట్టలేదు, తిట్టలేదు. "మన ఇంట్లో దారం గుడ్డ నేయడానికి పనికొచ్చింది, తోక కట్టడానికి పనికొచ్చింది. గొంతు కోయడానికి ఇదే మొదలు," అన్నారు. అంతే.

మరుసటి ఏడు ఆయన మళ్ళీ గాలిపటాలు చేశారు, నూలు దారంతోనే. నేను పక్కకు పోలేదు. సిగ్గు ఒక కారణం. మళ్ళీ ఓడిపోయే దారంతో ఎగరేయడమెందుకన్న పొగరు ఇంకో కారణం. ఆ తరువాత కాలేజీ, ఉద్యోగం, బదిలీలు. ఆయన వీధి పిల్లల కోసం ఒంటరిగా చేసుకుంటూ ఉండిపోయారు. సెలవులకు వచ్చినప్పుడు వసారాలో కూర్చుని ఒక బద్ద చెక్కుతూ నావైపు చూసేవారు. నేను పేపరు చదువుకుంటున్నట్టు ఉండేవాణ్ణి.

నా ఉద్యోగంలో యూదుల జాడ నాకు రెండుసార్లు తగిలింది. అప్పుడు దానికీ మా గాలిపటాలకూ ఏమీ సంబంధం కనిపించలేదు.

మొదటిది 1990ల చివర, నేను తెనాలి దగ్గర ఒక శాఖలో పనిచేస్తున్నప్పుడు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని ఒక సహోద్యోగి చెప్పి, ఒక శుక్రవారం సాయంత్రం తీసుకెళ్ళాడు. తమను బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతానం అని చెప్పుకుంటారు. ఇజ్రాయెల్ వంశాల్లో చెదిరిపోయిన పది తెగల్లో తమదొకటని వాళ్ళ నమ్మకం. మాదిగ పల్లెలో బతికి, ముందు క్రైస్తవులుగా ఉండి, 1990ల మొదట్లో సొంత ప్రార్థనాలయం ఏర్పరుచుకున్నారు. కొన్ని పదుల కుటుంబాలే. తరువాత వాళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన ఇంగ్లీషు పుస్తకం 2013లో వచ్చింది. నేను చూసిన సాయంత్రం దేవుడితో హీబ్రూలో మాట్లాడి, మాతో గుంటూరు తెలుగులో మాట్లాడారు. "మాకు నోరు తిరగదండీ. పిల్లలు నేర్చుకుని మాకు చెబుతున్నారు," అని ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు. మా ఇంట్లో ఆ వేళకు తిరగబడుతున్న లెక్క అది. మా దగ్గర పెద్దలకు అక్షరాలు వచ్చు. పిల్లలకే రాకుండా పోతున్నాయి.

రెండోసారి చెన్నై జార్జిటౌనులో పనిచేస్తున్నప్పుడు. అక్కడ పవళక్కార వీధి ఉంది. పగడాల వర్తకుల వీధి. పదిహేడో శతాబ్దంలో యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి అమ్మి, మన గోల్కొండ వజ్రాలు కొనుక్కుపోయేవారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు మొదటి ఆల్డర్మన్లలో వాళ్ళూ ఉన్నారు. ఆ వీధిలో ఇవాళ వాళ్ళ ఇల్లంటూ లేదు. మింట్ వీధి పక్కనున్న వాళ్ళ శ్మశానాన్ని కూడా 1983లో లాయిడ్స్ రోడ్డుకు మార్చారు. పట్టుమని ఇరవై సమాధులు లేవు. ఒక మధ్యాహ్నం గేటు బయట నిలబడి చూశాను. రాళ్ళ మీద అక్షరాలున్నాయి, చదివేవాళ్ళు లేరు. ఆ మాట అనుకోగానే మా ఇల్లే గుర్తొచ్చింది. మా నాయన పుస్తకాల బీరువా తాళం తీసి ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకున్నాను.

ఎందుకంటే మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చిందని, మన బడులు మూతపడుతున్నాయని మనం చెప్పుకుంటూ ఉంటాం. అందులో నిజం లేకపోలేదు. కానీ మా అమ్మాయిని ఒకటో తరగతిలో ఇంగ్లీషు మీడియంలో వేసింది 2006కు ముందే. వేసింది నేనే. బదిలీల ఉద్యోగం, ఏ ఊరికైనా పనికొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం అరగంట కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడానికి ఏ ప్రభుత్వమూ నన్ను ఆపలేదు. మా నాయన "నేను నేర్పుతాను, సెలవులకు పంపించరా" అంటే, కోచింగుకు పంపాను.

హీబ్రూ సంగతి పెద్దయ్యాక చదివాను. వందల ఏళ్ళు అది ప్రార్థనలో, పుస్తకాల్లో ఉందిగాని ఏ ఇంట్లోనూ తల్లి పిల్లవాడికి అన్నం పెడుతూ మాట్లాడే భాషగా లేదు. ఎలియెజెర్ బెన్ యెహూదా అనే ఆయన 1881లో జెరూసలేం చేరి, తన ఇంట్లో హీబ్రూ తప్ప వేరే మాట వినపడకూడదని పట్టు పట్టాడు. 1882లో పుట్టిన ఆయన కొడుకు, ఈ కాలంలో హీబ్రూను తల్లిభాషగా మాట్లాడిన మొదటి బిడ్డ అంటారు. ఆ పట్టుదలకు ఆ పిల్లవాడు ఎంత కష్టపడ్డాడో, తోడు పిల్లలు లేక ఎంత ఒంటరయ్యాడో కూడా రాశారు. నేనేమీ అంత కఠినం కోరడం లేదు. కానీ ఒక మాట ఇంట్లో నిలబడితేనే బయట నిలబడుతుందన్నది అక్కడా ఇక్కడా ఒకటే. 'అఫిఫోన్' అన్న మాట ఒక పిల్లవాడి నోట ఆటలో పలకాలంటే దాని వెనక అంత కథ ఉంది.

ఆ అక్టోబరు తరువాత క్ఫార్ అజా వార్త ఎక్కడ కనపడినా చదువుతూ వచ్చాను. పోయినవాళ్ళ బంధువులు గాలిపటాలను వదిలిపెట్టలేదు. ఇజ్రాయెల్‌లోనూ ఇతర దేశాల్లోని యూదు సమాజాల్లోనూ కుటుంబాలు కూర్చుని గాలిపటాలు కట్టి ఆ ఐదుగురి పేరు తలుచుకుంటూ ఎగరేశాయి. నేనయితే ఏం చేసేవాణ్ణో తెలుసు. పండగ రోజే అంత జరిగాక ఇక జన్మలో గాలిపటం ముట్టుకునేవాణ్ణి కాను. వీథిలో ఒక మనిషి గడ్డం కింద దెబ్బ తగిలినందుకే నలభై ఏళ్ళు ముట్టుకోలేదు కదా. అదీ నా వల్ల తగిలిన దెబ్బ. నా కష్టాన్ని వాళ్ళ కష్టం పక్కన పెట్టడం తగదు. కానీ వాళ్ళు మళ్ళీ వెదురు చీల్చి కాగితం అంటించారంటే, నాకు ఇక చెప్పుకోవడానికి సాకు మిగల్లేదు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. కంచెకు ఆ పక్కన గాజాలోనూ గాలిపటాలున్నాయి. 2011 జులైలో అక్కడి సముద్రపు ఒడ్డున పిల్లలు ఒకేసారి పన్నెండు వేలకు పైగా గాలిపటాలు ఎగరేసి గిన్నిస్ రికార్డు సాధించారు. 2018లో అదే గాజా నుంచి నిప్పు కట్టిన గాలిపటాలు గాలికి కొట్టుకొచ్చి ఇజ్రాయెల్ పొలాల్ని కాల్చాయి. మాంజా సంగతి నాకు తెలుసు గనుక ఆ రెండో వార్త నాకు కొత్త కాలేదు. దారం ఒకటే, దానికి ఏం పూస్తామన్నదే తేడా. 2023 తరువాతి యుద్ధంలో గాజాలో పదుల వేలమంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలు ఎందరో. ఆ సముద్రపు ఒడ్డున ఎగరేసిన పిల్లలు ఆ వేళకు పాతికేళ్ళ వయసుకు వచ్చి ఉంటారు. వాళ్ళలో ఎందరు మిగిలారో అన్న ఆలోచన వస్తే ఆ పూట అన్నం సయించదు. క్ఫార్ అజా వాళ్ళు శాంతి మాటలు రాసి ఎగరేసింది వీళ్ళు చదవాలనే కదా.

2024 ఆడిమాసంలో మా మనవడు నాలుగు రోజులు సెలవులు కలిసొచ్చి చెన్నై నుంచి వచ్చాడు. ఏడేళ్ళవాడు. వాడికి గాలిపటం అన్న మాట తెలియదు. "తాతా, ఈ కర్రలు ఎందుకు?" అన్నాడు. "గాలిపటానికి" అంటే అర్థం కాలేదు. "పట్టం రా" అన్నాక మొహం వెలిగింది. "కొందామా?" అన్నాడు. "చేద్దాం" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక భయం వేసింది. నలభై అయిదేళ్ళయింది కదా, చేతులకు గుర్తుంటుందా అని.

మొదటిది చెడిపోయింది. విల్లు బద్దను మరీ వంచాను, విరిగింది. రెండోదానికి బంక ఎక్కువై బరువెక్కింది. మా ఆవిడ మైదా బంక కాచి, "మీ అమ్మ ఇంకా పలచగా కాచేది" అని గుర్తు చేసింది. మూడోది కుదిరింది. ఇక మిగిలింది సూత్రం.

గాలిపటం చేయడంలో అసలు పని సూత్రం కట్టడమే. ఇక్కడి తమిళ పిల్లలూ ఆ మాటే అనేవాళ్ళు. నిలువు బద్ద, విల్లు బద్ద కలిసే చోట రెండు చిల్లులు, కింద నిలువు బద్ద మీద ఇంకో రెండు. రెండు చోట్లా దారం కట్టి, రెండు పోగులూ కలిసే చోట ముడి వేయాలి. కింది పోగు పై పోగుకన్నా ఒక వేలి వెడల్పు పొడుగుండాలి. ముడి మరీ కిందికి జారితే గాలిపటం గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది గాని పైకి పోదు. మరీ పైకి పోతే గాలి పట్టదు. ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క బద్ద చివర చిన్న గుడ్డపేలిక కట్టి సరిచేయాలి. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ట్రయల్ బ్యాలెన్సు టాలీ కావాలి. మా నాయన ముడి వేసేముందు దారాన్ని రెండు వేళ్ళతో పట్టి గాలిపటాన్ని గాలిలో వేలాడదీసి, కళ్ళు చికిలించి చూసేవారు. నేనూ అట్లాగే పట్టుకున్నాను. అది కొంచెం ముందుకు వాలి నిలబడింది. చేతులకు గుర్తుంది.

మూడు రోజుల్లో ఐదు చేశాం. మా అమ్మాయి సాయంత్రం వచ్చి తోకలు పేనింది. ఎందుకు ఐదు అని అడిగితే ఆ ఊరి కథ ఇద్దరికీ చెప్పాను. పిల్లవాడికి ఎంత చెప్పాలో అంతే చెప్పాను. ఐదింటి మీద అ, ఆ, ఇ, ఈ, ఉ రాశాను. వెనకవైపు, మా అమ్మాయి ఫోనులో చూసి, హీబ్రూలో మొదటి అక్షరం ఆలెఫ్ గీసింది. "ఇది వాళ్ళ 'అ'నా తాతా?" అన్నాడు మనవడు. "దాదాపు అంతే" అన్నాను. ఆలెఫ్‌కు తనకంటూ శబ్దం లేదని ఆ తరువాత చదివాను, దాన్ని ఇంకా వాడికి చెప్పలేదు. మా అమ్మాయి నేను రాసిన 'ఈ'ని చూస్తూ, "నాన్నా, దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళ మనిషి. చేయి పట్టి దిద్దించాను. ఆ అరగంట నేను ఎప్పుడో ఆమెకు ఇవ్వవలసింది.

"కంచెకు అవతల పిల్లలున్నారన్నావే, వాళ్ళకు?" అన్నాడు మనవడు. ఒక బద్దే మిగిలింది. కొబ్బరి ఈనెను విల్లుగా పెట్టి ఆరోది చేశాం. దాని మీద ఏం రాయాలో నాకు తోచలేదు. వాడే కూర్చుని ఒక చేప బొమ్మ వేశాడు. చేప ఎందుకురా అంటే, "అక్కడ సముద్రం ఉందన్నావుగా" అన్నాడు.

సాయంత్రం చెరువుగట్టుకు బయలుదేరాం. నూలు దారమే. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది గాని, అది ఇంకా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు, దానివల్ల గొంతులు తెగిన వార్తలు వస్తూనే ఉన్నాయి. అందుకే పొదటూరుపేట నుంచి మగ్గం నూలే తెప్పించుకున్నాను.

గట్టు దగ్గర వేపచెట్టు కింద అరుగు మీద పాలాయన కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటింది, పాలు పోయడం కొడుకు చూసుకుంటున్నాడు. గడ్డం కింద మచ్చ ముడతల్లో కలిసిపోయింది గాని, ఎక్కడుందో నాకు తెలుసు. నా చేతిలోని దారపుండ చూసి లేచి వచ్చాడు. నేను ఆగిపోయాను. మనవడికి ఇంకా ఆ సంగతి తెలియదు.

ఆయన దారం కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, నెమ్మదిగా ఒక మూరెడు లాగి చూశాడు. వేళ్ళు చూసుకున్నాడు.

"నూల్‌దాన్" అన్నాడు. నూలే.

తరువాత మనవడి చేతిలోంచి 'అ' గాలిపటం తీసుకుని, గాలికి ఎదురుగా పది అడుగులు వెనక్కి నడిచి, రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. "ఇళుడా" అని అరిచాడు. మనవడు లాగాడు. అది ఒకసారి తల ఊపి, కొండ వైపు తిరిగి, పైకి లేచింది. మా అమ్మాయి గట్టు మీంచి దాని అక్షరం గట్టిగా చదివింది.